ఎర్ర బకెట్టు, నీలం బకెట్టు

ఇంగ్లండులో ఒక సముద్రపు ఊరుంది. అక్కడి మనుషులకు ఎండంటే ఎంత ఆశో, ఎండకు వాళ్ళ మొహం చూడటానికి అంత బద్ధకం. అయినా వేసవి పేరు వినగానే జనం రైళ్ళెక్కి వచ్చేస్తారు. స్వెట్టర్లు వేసుకునే ఇసకలో కూర్చుంటారు, చేపల వేపుడూ వేయించిన దుంపముక్కలూ పొట్లాల్లో పెట్టుకుని తింటారు. ఆ ఊళ్ళో సముద్రంలోకి కొంతదూరం వెళ్ళి, ఇంక వెళ్ళబుద్ధి కాక ఆగిపోయిన చెక్క వంతెన ఒకటుంది. వంతెన మీద మనుషులు షికార్లు చేస్తారు. మన కథ వంతెన కింద జరిగింది.

ఆ వంతెన మొదట్లో, ఒడ్డుకు ఆనుకుని, మడత కుర్చీలు దాచే పాత కొట్టు ఉంది. దానికి తలుపు లేదు. ఏదో తుపానులో ఊడిపోతే మళ్ళీ బిగించినవాళ్ళు లేరు. కానీ కొట్టు వెనక గోడకు అవతలే చేపలు వేయించే దుకాణం పొయ్యి. అందుకని చలికాలమంతా ఆ గోడ వెచ్చగా ఉండేది. ఒడ్డు మీద బతికే జీవాలన్నిటికీ చలికాలంలో అదే ఇల్లు.

ఆ కొట్టుకు పెద్ద బూడిదమ్మ. ముసలి గాడిద. వయసులో ఉన్నప్పుడు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఇసకలో ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పేది. ఆ ఊరి వేసవిలో పిల్లలకు అదొక వేడుక. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి, ఎడమ కన్ను మసకబారింది. యజమాని దయగలవాడు కాబట్టి ఒడ్డు మీదే వదిలేశాడు. కొట్టులో ఎవరు ఎక్కడ పడుకోవాలో, తగవొస్తే ఎవరు సర్దుకోవాలో చెప్పే పెద్దరికం ఆమెది.

ఆ పెద్దరికానికి ఎన్నిక ఉంది. మనుషులు తమ ఊరి కౌన్సిల్‌కు ఓట్లు వేసుకునే రోజునే వంతెన కింద వీళ్ళూ వేసుకుంటారు. ఇన్నాళ్ళూ బూడిదమ్మకు పోటీ నిలబడ్డవాళ్ళు లేరు. ఈసారి రాగిబాబు నిలబడ్డాడు.

రాగిబాబు నక్క. పగలు చర్చి వెనక పొదల్లో నిద్ర, పొద్దు వాలితే చెత్తడబ్బాల దగ్గర విందు. తోకకు దుమ్ము అంటనిచ్చేవాడు కాదు. ఎదురుపడిన ప్రతి ఆడజీవినీ అక్కయ్యా అనేవాడు, మగజీవిని బావా అనేవాడు, ఎవరి దగ్గరికీ ఊరికే మాత్రం వెళ్ళేవాడు కాదు.

"బూడిదమ్మగారంటే నాకు తల్లితో సమానం," అని మొదలుపెట్టాడు ప్రచారం. "కానీ ఒక్కసారి మీరే ఆలోచించండి. కొట్టులో సగం ఆవిడే కదా. పైగా పడక ఎక్కడ? సరిగ్గా గుమ్మంలో. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఆవిడ కాళ్ళ సందుల్లోంచి దూరాలి. ఇదేం మర్యాదండీ? నేను గెలిస్తే ఆవిణ్ణి గౌరవంగా ఊరవతల గుర్రాల పాకకి పంపించేస్తాను. సొంతింట్లో ఉన్నట్టు ఉంటుంది."

గుర్రాల పాక పైకప్పు ఎగిరిపోయి చాలా కాలమైంది. ఆ ముక్క రాగిబాబు చెప్పలేదు. బూడిదమ్మకు మాత్రం తెలుసు. ఈ మోకాళ్ళతో తను అక్కడ ఒక్క చలికాలం కూడా దాటనని కూడా తెలుసు.

అంతటితో ఆగితే వాడు రాగిబాబు ఎందుకవుతాడు? ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. ముందు సముద్రపు కాకి తెల్లక్కకు, తర్వాత ఎలుక చుంచమ్మకు, ఆ తర్వాత పావురం కువ్వన్నకు. ఇలా ఒడ్డంతా తిరిగాడు. ఆ చెవిలో మాటేమిటో బూడిదమ్మకు వినపడలేదు. మర్నాటి నుంచి వాళ్ళంతా ఆమె కళ్ళలోకి చూడటం మానేయడం మాత్రం కనపడింది. మసకబారిన కంటికి కూడా కనపడింది.

ఓట్ల రోజు వచ్చింది. వేసవి మొదలైందని మనుషులు అనుకుంటున్నారే గాని గాలి ఇంకా చలికాలంలోనే ఉంది. సముద్రం బాగా వెనక్కి పోయిన వేళ, పిల్లలెవరో మరిచిపోయిన ఇసక బకెట్లు రెండు వంతెన కింద పెట్టారు. ఎర్ర బకెట్టు రాగిబాబుది, నీలం బకెట్టు బూడిదమ్మది. ఎవరికి వాళ్ళు తమకు గుర్తున్న గులకరాయి ఒకటి తెచ్చుకుని, వంతెన స్తంభం చాటుకు వెళ్ళి, నచ్చిన బకెట్టులో వేసి వచ్చారు.

లెక్క చూసేది పీత పక్కయ్యగారు. ఆయనకు లెక్కలు రావు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. కుడి ముందుకాలితో ఎర్ర బకెట్టులోంచి ఒక రాయి, ఎడమ ముందుకాలితో నీలం బకెట్టులోంచి ఒక రాయి తీసి, జతగా ఇసకలో పెట్టుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. ఏ బకెట్టు ముందు ఖాళీ అయితే ఆ బకెట్టువాళ్ళు ఓడినట్టు.

బూడిదమ్మ చూస్తూ నిలబడింది. మిగతావాళ్ళంతా ఆమె పక్కన గుంపుగా చేరారు, అలవాటు కొద్దీ. పక్కయ్య ఒక జత పెట్టాడు, ఇంకో జత పెట్టాడు. కాసేపటికి ఎడమ ముందుకాలు నీలం బకెట్టు అడుగున ఊరికే గీసుకుంది. ఎర్ర బకెట్టులో ఇంకా సగానికి పైగా రాళ్ళు.

"అయిపోయిందా?" అంది తెల్లక్క.

"నీలం అయిపోయింది," అన్నాడు పక్కయ్య.

బూడిదమ్మ గుంపు వైపు చూసింది. వీళ్ళందరి పిల్లలూ తన కాళ్ళ దగ్గర పుట్టినవాళ్ళే. ఏడుపు రాలేదు గాని కోపం వచ్చింది. ఒక మాట అనాలనుకుంది. 'గుర్రాల పాకలో నేను చచ్చాక నా తోలు తెచ్చి ఆ గుమ్మానికి తెర కట్టుకోండి' అనాలనుకుంది. మాట నోటిదాకా వచ్చింది కూడా.

కానీ ఆ ఒడ్డున ఒక ఆచారం ఉంది. ఎప్పుడో కువ్వన్న తాత టౌన్ హాలు కిటికీలో కూర్చుని మనుషుల ఫలితాలు చూసి వచ్చాడట. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ కూడా చివర్న అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారని చెప్పాడట. ఒడ్డువాళ్ళకు అది నచ్చింది. అయితే 'అందరికీ' అనే మాట మాత్రం నచ్చలేదు. అందరికీ అంటే ఎవరికీ కాదు కదా అన్నారు. అందుకని పేరు పెట్టి, ఏ మేలుకో చెప్పి మరీ కృతజ్ఞత చెప్పాలని పెట్టుకున్నారు. ముందు ఓడినవాళ్ళు, తర్వాత గెలిచినవాళ్ళు. ఈలోగా రాళ్ళన్నీ తిరిగి ఎవరి బకెట్టులో వాళ్ళకు వేసేస్తారు. సముద్రం పైకి వచ్చి అల బకెట్టును ముట్టాకే ఫలితం ఖాయం. అప్పటిదాకా ఎవరి రాయి వాళ్ళదే, కావాలంటే తీసి మార్చుకోవచ్చు.

"కానియ్యమ్మా," అన్నాడు పక్కయ్య నెమ్మదిగా. "సముద్రం మళ్ళీ పైకి వస్తోంది."

బూడిదమ్మ, మాట్లాడేవాళ్ళు ఎక్కే బండరాయి మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడింది. కుడి కంటికి మొదట చుంచమ్మ కనపడింది. తల దించుకుని పిల్లల్ని సవరిస్తోంది. ఆచారం కాబట్టి చెప్పాలి. ఏం చెప్పాలా అని వెతుక్కుంది. వెతుక్కోగానే దొరికింది.

"చుంచమ్మా," అంది. "ఒక ఏడాది తెగిన వల నా కాలికి చుట్టుకుపోయింది, గుర్తుందా? సముద్రం మీదికొచ్చేస్తోంది. నీకు నీళ్ళంటే హడల్. అయినా మెడదాకా నీళ్ళలో నిలబడి ఆ తాడు కొరికావు. ఈ కాళ్ళు ఇంకా నావే అంటే నీ పళ్ళ చలవే తల్లీ."

చుంచమ్మ తల ఇంకా కిందికి దించుకుంది.

"తెల్లక్కా, నీ నోరంటే ఒడ్డంతా భయమే. నాకూ భయమే. కానీ జీను ఒరుసుకుని నా వీపు పుండైన వేసవిలో రోజూ వచ్చి, నా మీద కూర్చుని ఒక్క ఈగని వాలనియ్యలేదు నువ్వు. మధ్యలో జనం చేతుల్లోంచి దుంపముక్కలు ఎత్తుకుపోయేదానివనుకో, అది వేరే సంగతి."

గుంపులో నవ్వు పుట్టింది. తెల్లక్క నవ్వలేదు. రెక్క కింద ముక్కు దాచుకుంది.

"కువ్వన్నా, నా ఎడమ కన్ను పోయాక ఆ పక్కనుంచి ఐస్‌క్రీం బండొస్తోందో కుక్కొస్తోందో నాకు తెలిసేది కాదు. నువ్వు వంతెన కమ్మీ మీంచి కూత పెట్టేవాడివి. నేను అడగలేదు, నువ్వు చెప్పుకోలేదు. ఇవాళ నేను చెబుతున్నాను."

ఒకటి చెబుతుంటే ఇంకొకటి గుర్తొస్తోంది. చెప్పాలనుకున్న ఆ చేదు మాట ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు. నా బతుకులో ఇంతమంది చేతులున్నాయా అని ఆశ్చర్యం వేసింది. ఓడిపోయినందుకు కాదు గాని, ఇంతకాలం వీళ్ళ మధ్య బతికినందుకు కళ్ళు చెమర్చాయి.

"పక్కయ్యగారూ, మీరు రాళ్ళు పెడుతున్నంతసేపూ ఓడిపోతానేమోనని భయపడ్డాను. మోసపోతానని మాత్రం భయపడలేదు. అందుకు మీకు."

పక్కయ్య కళ్ళు రెండూ కాడల మీద అటొకటి ఇటొకటి తిరిగాయి. ఆయన అలా కదిలిపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"రాగిబాబూ, నీకు కూడా. నేను గుమ్మంలో పడుకుంటే వీళ్ళకి ఇబ్బందని నాకు తెలీదు. ఎవరూ నాతో అనలేదు. నువ్వన్నావు. అది తెలియజెప్పినందుకు నీకు కృతజ్ఞతలు నాయనా. రా, ఇక్కడికొచ్చి నువ్వు మాట్లాడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అలా అని బండరాయి మీంచి దిగి, వాడికి చోటిచ్చి, బాగా పక్కకు వెళ్ళి నిలబడింది.

ఆమె పక్కకు తప్పుకోగానే సముద్రం గాలి ఒక్క ఊపున వచ్చి గుంపు మీద పడింది. కువ్వన్న ఈకలన్నీ ఎదురు తిరిగాయి. చుంచమ్మ పిల్లలు ఇసకలో దొర్లితే పొట్టకిందికి లాక్కుంది. ఇంతసేపూ తామంతా ఆ ముసలిదాని చాటున నిలబడి ఉన్నామని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

చుంచమ్మ కొట్టు వైపు చూసింది. తలుపు లేని గుమ్మం నోరు తెరుచుకుని ఉంది.

"అన్నా, ఆ తలుపు ఎప్పుడు ఊడింది?"

"చాలా ఏళ్ళయిందమ్మా," అన్నాడు కువ్వన్న.

"మరి ఇన్నేళ్ళూ మనకి లోపల గాలి కొట్టలేదే?"

కువ్వన్న గుమ్మం మీంచి చూపు తిప్పి బూడిదమ్మ వీపు వైపు చూశాడు.

రాగిబాబు బండరాయి ఎక్కాడు. గొంతు సవరించుకున్నాడు. గెలిచినవాడికి రావలసిన కేకలు ఒక్కటీ రాలేదు. అందరూ ఓడిన గాడిదనే చూస్తున్నారు. అది వాడికి నచ్చలేదు.

"నన్ను గెలిపించిన ఒడ్డువారందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు," అని దిగబోయాడు.

"అందరికీ అంటే కుదరదు బాబూ," అన్నాడు పక్కయ్య. "పేరు పెట్టి చెప్పాలి. ఏ మేలుకో కూడా చెప్పాలి."

"ఓడిపోయినావిడే అంత చెప్పింది. గెలిచినోడివి నువ్వెంత చెప్పాలి?" అంది తెల్లక్క. "నాకు చెప్పు ముందు. నాకేం చెబుతావో వింటాను."

వినడానికి అందరూ మెడలు చాచారు. బూడిదమ్మ నోట తమ పేరు విన్నాక వాళ్ళకు ఇంకా వినాలని ఉంది. ఇక్కడే రాగిబాబు బోల్తాపడ్డాడు. వాడి బుర్రలో ఎన్ని ఎత్తులైనా ఉన్నాయి గాని, తెల్లక్క తనకు ఏ మేలు చేసిందో మాత్రం లేదు. ఎంత తోడినా ఒక్కటే తగిలింది.

"తెల్లక్కయ్యా," అన్నాడు కన్ను కొట్టి. "నువ్వు నాకు ఓటేశావు. నీకిచ్చిన మాట నేను మరిచిపోతానా?"

వేరే ఎవరికైనా ఈ సైగ చాలు. తెల్లక్కకు రహస్యం నోట్లో పెట్టడమంటే చిల్లుబుట్టలో నీళ్ళు పోయడమే.

"మరిచిపోతే ఊరుకుంటానా? వెచ్చగోడ పక్కన చోటు. నాకొక్కదానికే. అన్నావు కదా?"

"ఏ చోటు?" అంది చుంచమ్మ.

"వెచ్చగోడ పక్కన. పొయ్యి వెనకాల మూల."

"ఆ మూల నాదన్నాడు. నా పిల్లలకని. ఎవరితో అనొద్దన్నాడు."

"నాతో కూడా అనొద్దనే అన్నాడు," అన్నాడు కువ్వన్న మెల్లగా. "ఆ మూలే."

వెనకనుంచి పీతల్లో ఒకటి, ఎలుకల్లో ఇంకోటి, చేపలు ఏరుకునే చిన్న పక్షుల్లో మరొకటి, ఆ మూల నాదంటే నాదని లేచాయి. ఉన్నది ఒక్కటే మూల. ఒక చుంచెలుకా దాని పిల్లలూ సర్దుకుంటే నిండిపోయే మూల.

"అక్కయ్యలూ, బావలూ, కాస్త ఆగండి. వంతులు పెట్టుకుందాం," అన్నాడు రాగిబాబు. "మీ అందరికీ నేను..."

"అందరికీ అంటే కుదరదని ఇందాకే చెప్పాను," అన్నాడు పక్కయ్య.

చుంచమ్మ గుంపులోంచి బయటికి వచ్చింది. సిగ్గుతో మీసాలు వణుకుతున్నాయి. "పక్కయ్య మావా, అల ఎంత దూరంలో ఉంది?"

పక్కయ్య పక్కగా రెండడుగులు వేసి చూశాడు. "స్తంభం దాటింది. బకెట్టును ముట్టలేదు."

"అయితే నా రాయి నాదే కదా?"

"నీదే తల్లీ. త్వరగా తీసుకో."

చుంచమ్మ బకెట్టు ఎక్కబోతే అంచు అందలేదు. తెల్లక్క వచ్చి ముక్కుతో అంచు పట్టి ఒక్క గుంజు గుంజింది. ఎర్ర బకెట్టు బోర్లాపడి రాళ్ళన్నీ ఇసకలో దొర్లాయి. ఆ తర్వాత ఏం తొక్కిసలాట అనుకున్నారు? రెక్కలూ మీసాలూ కాళ్ళూ కలిసిపోయాయి. ఎవరి రాయి వాళ్ళు వెతుక్కుని, అల ముందుకు పాకుతుంటే తడిసిన ఇసకలో పడుతూ లేస్తూ వచ్చి నీలం బకెట్టులో వేశారు. చిట్టచివర్న కువ్వన్న తన రాయి ముక్కున కరుచుకుని ఎగురుతూ వచ్చి పైనుంచి జారవిడిచాడు. అది టంగుమని పడింది.

రాగిబాబు గబగబా ఎర్ర బకెట్టు లేపి నిలబెట్టాడు. వాడు తనకు తాను వేసుకున్న రాయి ఒక్కటే ఇసకలో మిగిలితే, దాన్నే అందులో వేశాడు.

అప్పుడు అల వచ్చింది. నురగతో రెండు బకెట్లనూ చుట్టుకుంది. నీలం బకెట్టు రాళ్ళ బరువుతో ఉన్నచోటే కూర్చుంది. ఎర్ర బకెట్టు ఒక్కసారి ఊగి, తేలికగా లేచి, తేలుకుంటూ సముద్రంలోకి బయల్దేరింది.

రాగిబాబు దాన్ని కాసేపు చూశాడు. తర్వాత పక్కయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "పక్కయ్యగారూ, నా రాయి కూడా తెచ్చుకుని నీలంలో వేసుకోవచ్చాండీ?"

"అల ముట్టింది బాబూ," అన్నాడు పక్కయ్య.

గెలిచినవాళ్ళు కూడా కృతజ్ఞత చెప్పాలి కాబట్టి బూడిదమ్మ మళ్ళీ బండరాయి మీదికి వచ్చింది. ఎవరి పేరుతో మొదలుపెట్టాలో తెలియక, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ నిలబడింది.

"ఈసారికి నువ్వు ఊరుకో అత్తా," అంది చుంచమ్మ. "మేం చెప్పాల్సిందుంది. మా ఇంటికి తలుపు ఊడిపోయిన రోజునుంచి ఆ గుమ్మంలో నిలబడి గాలంతా నీ వీపున కాసినందుకు, నీకు కృతజ్ఞతలు. ఆలస్యంగా చెబుతున్నాం, తప్పుగా అనుకోకు."

"తప్పేముందే," అంది బూడిదమ్మ. "వెచ్చగా ఉన్నవాళ్ళకి గాలి ఎలా గుర్తుంటుంది? మీకు గాలి గుర్తు రాలేదంటే నా పని నేను బాగానే చేశానన్నమాట." అలా అంటుంటే కన్నీళ్ళు ముట్టె దాకా జారాయి. ఆమె తుడుచుకోలేదు. తెల్లక్క వచ్చి వీపు మీద కూర్చుంది, ఈగలేమీ లేకపోయినా.

అలా బూడిదమ్మకు గుర్రాల పాక తప్పింది. మనుషుల టౌన్ హాల్లో కూడా అదే సాయంత్రం ఫలితాలు చదివారు. అక్కడ ఎవరు గెలిచారో మన వంతెన కింద ఎవరికీ పట్టలేదు.

చలికాలం తిరిగి వచ్చింది. ఒక సాయంత్రం వడగళ్ళతో గాలివాన విరుచుకుపడింది. కొట్టు గుమ్మంలో బూడిదమ్మ వీపు అడ్డం పెట్టి నిలబడి ఉంది. వెచ్చగోడ మూలలో చుంచమ్మ పిల్లలు నిద్రపోతున్నారు. ఆ మూల ఎవరిదని అడిగితే ఆ యేడు అందరూ వాళ్ళ పేరే చెప్పారు. అంతలో తడిసి ముద్దయిన రాగిబాబు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. దుమ్మంటని తోక బురదలో ఈడుస్తోంది.

"అడగడానికి మొహం చెల్లడం లేదండీ," అన్నాడు.

"అడక్కు. లోపలికి రా," అంది బూడిదమ్మ.

"దారి?"

"నా కాళ్ళ సందుల్లోంచే నాయనా. వేరే దారి లేదు."

రాగిబాబు ఒళ్ళు దగ్గరికి తీసుకుని ఆ నాలుగు కాళ్ళ మధ్యనుంచి దూరాడు. లోపలికి అడుగు పెట్టగానే గాలి ఆగిపోయింది. వాడు వెనక్కి తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఎవరి చెవిలోనూ కాకుండా పైకే అన్నాడు. "బూడిదమ్మగారూ, ఈ గుమ్మంలో నిలబడినందుకు మీకు కృతజ్ఞతలండీ."

లోపల మడత కుర్చీ మీద సగం నిద్రలో ఉన్న పక్కయ్య, పేరూ మేలూ రెండూ ఉన్నాయో లేవో చూసుకుని, సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

మేలు చేసినవాళ్ళను పేరు పెట్టి తలుచుకోగలిగినవాడి బకెట్టే అలకు నిలుస్తుంది.